ఇద్దరూ అంగీకరించారు

2018 ఫిబ్రవరి. దోహాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో నేను అకడమిక్ అడ్వైజర్ కుర్చీలో కూర్చుని అప్పటికి ఐదు నెలలు. అంతకుముందు తొమ్మిదేళ్ళు అదే కాలేజీలో, కింది అంతస్తులో, రికార్డ్స్ సెక్షన్‌లో మార్కుల జాబితాలు సరిచూసే గుమాస్తాని. పై అంతస్తుకి వచ్చాక తలుపు మీద నా పేరు పడింది. ఆ పేరు ఫోటో తీసి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టుకున్నాను కూడా. నేను ఎలాంటివాణ్ణో ముందే తెలిస్తే మంచిదని ఈ సంగతి చెబుతున్నాను.

మా పని గురించి రెండు ముక్కలు. కమ్యూనిటీ కాలేజీ అంటే ప్లస్ టూ అయినవాళ్ళు చేరే రెండేళ్ళ కాలేజీ. రెండేళ్ళూ చదివితే మన లెక్కలో డిప్లొమా లాంటిది చేతికొస్తుంది. అది చాలనుకునేవాళ్ళు ఉద్యోగాల్లోకి పోతారు. పెద్ద చదువు కావాలనుకునేవాళ్ళు ఇక్కడ పాసైన సబ్జెక్టులు పట్టుకుని నాలుగేళ్ళ యూనివర్సిటీకి మారతారు. దీన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. ఒక్కో సబ్జెక్టుకి ఇన్ని క్రెడిట్లు అని ఉంటాయి, యూనివర్సిటీ వాటిలో తనకు పనికొచ్చేవే తీసుకుంటుంది. ఎప్పుడు మారాలి, ఏయే క్రెడిట్లతో మారాలి అన్నదే అడ్వైజర్ చెప్పవలసిన మాట. మా పనంతా ఈ ఒక్క 'ఎప్పుడు'లోనే ఉంది.

ఆ రోజు నా గదికి వచ్చినాయన పేరు కరీం. మెట్‌పల్లి దగ్గర పల్లెటూరు. దుఖాన్‌లో చమురు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్, అక్కడే కంపెనీ క్వార్టర్లో కుటుంబంతో ఉంటాడు. వెంట కూతురు సమీనా, మా కాలేజీలో మొదటి ఏడాది. పిల్లకి ఎనిమిదేళ్ళప్పుడు వచ్చారట ఈ దేశం. తలుపు మీద నా పేరు చూసే ఆయన ఆగాడు.

"సార్, మీరు తెలుగోళ్ళా?"

"అవునండీ. తూర్పు గోదావరి."

"యా అల్లా! చూసినవా బేటీ, మనోళ్ళు ఈడ పెద్దసార్ అయ్యిండ్రు."

పెద్దసార్! నా జీవితంలో ఎవరూ అప్పటిదాకా నన్నలా పిలవలేదు. వెంటనే టీ తెప్పించాను. నా టీలో పంచదార వద్దని ఆఫీస్ బాయ్‌కి చెప్పడం ఆయన విన్నాడు.

"సార్‌కు షుగరా? షహానియాల మా ఊరోడు ఒంటెల ఫారంల పనిచేస్తడు. ఒంటె పాలు షుగర్‌కు మస్తు మంచిదంటరు. ఈసారి వచ్చినప్పుడు తెస్త."

ఇక అసలు విషయం. సమీనా ఒక కాగితం నా ముందు పెట్టింది. యూనివర్సిటీ ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ విభాగం ఆ అమ్మాయికి కండిషనల్ ఆఫర్ ఇచ్చింది. అంటే షరతు మీద సీటు. ఆ సెమిస్టర్‌లో కాల్క్యులస్ రెండో భాగం, ఫిజిక్స్ పాసైతే సెప్టెంబరులో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. రెండు వారాల్లోగా మా కాలేజీ అడ్వైజర్ సంతకంతో ఒప్పుకోలు పత్రం పంపాలి. ఆ సంతకం కోసమే వచ్చారు.

"ఈమెకు చేరాలని ఉంది సార్," అన్నాడు కరీం. "నాకేమో ఈడ డిప్లొమా సగంల ఇడిసిపెట్టి పోతే ఎట్ల అని భయం. నాకు మూడేండ్ల సర్వీసే ఉన్నది. 2021 జూన్‌ల ఆఖరు. ఆ తర్వాత మా వీసాలన్నీ బంద్, ఇంటికి పోవుడే. మీరెట్లంటే గట్ల."

ఇక్కడ నేను నా కథ కొంచెం చెప్పుకోవాలి. నేను పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ చదివినవాణ్ణి. మూడేళ్ళ డిప్లొమా పూర్తిచేసి, ప్రవేశ పరీక్ష రాసి, లాటరల్ ఎంట్రీలో బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. మా రోజుల్లో డిప్లొమా చేతికి రాకుండా ఆ గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. ఒక్క సబ్జెక్టు పోయి డిప్లొమా ఆగిపోయిన మా హాస్టల్ గదిలో కుర్రాడు ఊళ్ళో కిరాణా కొట్టులో కూర్చోవడం నా కళ్ళతో చూశాను. కాబట్టి నాకు తెలిసిన ట్రాన్స్‌ఫర్ అదొక్కటే. ముందు డిప్లొమా, ఆ తర్వాతే ఇంజనీరింగ్.

ఇక్కడి పద్ధతి వేరు. ఇంజనీరింగ్‌కి డిప్లొమాతో పనిలేదు. లెక్కలు, ఫిజిక్స్ అయితే చాలు. మా కాలేజీలో రెండో ఏడాది చెప్పేది భాషలు, చరిత్ర, మేనేజ్‌మెంట్. వాటిలో ఇంజనీరింగ్ వాళ్ళు లెక్కలోకి తీసుకునేవి దాదాపు లేవు. ఒక ఏడాది చదివి వెళ్ళినా, రెండేళ్ళు చదివి వెళ్ళినా చేరేది రెండో సంవత్సరంలోనే. అక్కడినుంచి మూడేళ్ళు. ఎందుకంటే ఆ సబ్జెక్టులు ఒకదాని మీద ఒకటి మెట్లలా ఉంటాయి, రెండేసి మెట్లు ఎక్కనివ్వరు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు తెలియదు. తెలియదన్న సంగతి మాత్రం తెలుసు. ఇంజనీరింగ్ ట్రాన్స్‌ఫర్లు నావి కావు. రెండు గదుల అవతల కూర్చునే హిబా అనే ఈజిప్షియన్ సహోద్యోగి అవి చూసేది. లేచి ఇరవై అడుగులు వేసి అడిగితే సరిపోయేది.

అడగలేదు. పెద్దసార్ అన్న మనిషి ఎదురుగా కూర్చుని టీ తాగుతుంటే, "నాకు తెలియదండీ, పక్క గదిలో అడుగుదాం" అనడానికి నాకు నామోషీ అనిపించింది. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు. ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు.

"చూడండి కరీం గారూ," అన్నాను, కుర్చీలో వెనక్కి వాలి. "చేతిలో డిప్లొమా లేకుండా వెళితే, రేపు అక్కడ ఏదైనా తేడా వస్తే అటూ ఇటూ కాకుండా పోతుంది. రెండేళ్ళు పూర్తి చేయనివ్వండి. డిప్లొమాతో వెళ్ళినవాళ్ళకి విలువే వేరు. నేనూ అలా వచ్చినవాణ్ణే."

సమీనా తన సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. చేత్తో గీసుకున్న గళ్ళు. ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్టు అని 2021 జూన్ దాకా రాసుకుంది. చివరి గడిలో పెన్సిల్‌తో ఒక చిన్న టిక్కు.

"సార్, మొన్న సీట్ల గురించి చెప్పనీకి యూనివర్సిటీ నుంచి కాలేజీకి వచ్చిన మేడమ్ ఇప్పుడే రమ్మన్నది. ఒక సంవత్సరం లేటయితే అబ్బా సర్వీస్ అయిపోతది. ఈ ఫ్లోర్‌లనే హిబా మేడమ్ ఇంజనీరింగ్ చూస్తరంట కదా. ఒక్కసారి అడుగుదామా?"

నేను జవాబు చెప్పేలోపే కరీం అందుకున్నాడు.

"ఏయ్, చుప్! మన సార్ చెప్తుంటే మల్ల ఇంకొకలను అడుగుడేంది? ఆ మేడమ్‌లకు మన పిల్లల మీద ఏం ఖయాల్ ఉంటది? సార్ మన మనిషి."

అప్పుడైనా నేను అడ్డుపడాల్సింది. "అమ్మాయి చెప్పింది సబబే, అడుగుదాం" అంటే నాకు పోయేదేమీ లేదు. నేను చిరునవ్వు నవ్వాను. ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుపోతుంది. సమీనా గళ్ళ కాగితాన్ని ముందు రెండు మడతలు, తర్వాత నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

వాళ్ళు వెళ్ళాక అడ్వైజింగ్ నోట్ రాశాను. ప్రతి విద్యార్థితో మాట్లాడాక కంప్యూటర్‌లో రాయవలసిన నాలుగు ముక్కలే ఈ నోట్. నేను ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగులో చెబితే ఇంతే: డిప్లొమా పూర్తిచేశాకే ట్రాన్స్‌ఫర్ కావాలని సలహా ఇవ్వడమైనది. విద్యార్థిని, తండ్రి ఇద్దరూ అంగీకరించారు.

ఆ సీటు రెండు వారాలకు రద్దయిపోయింది.

2019 జూన్‌లో ఇద్దరూ మళ్ళీ వచ్చారు. మధ్యలో కరీం నాలుగైదుసార్లు వచ్చాడు, పిల్ల కోసం కాదు, నాకోసం. వచ్చిన ప్రతిసారీ నీళ్ళ సీసాలో ఒంటె పాలు. దుఖాన్ రోడ్డు మీద షహానియా దగ్గర బండి దిగి, ఫారం దాకా వెళ్ళి తెచ్చేవాడు. అజీజియాలో మా ఫ్లాట్‌కి తీసుకెళితే మా ఆవిడ మొదట ముక్కు మూసుకుని, తర్వాత అలవాటుపడింది. నేను మాత్రం దర్జాగా తాగేవాణ్ణి.

ఈసారి సీసాతో పాటు యూనివర్సిటీ ఉత్తరం కూడా తెచ్చారు. సమీనా డిప్లొమా మంచి మార్కులతో పాసైంది. ఇంజనీరింగ్‌కి మళ్ళీ దరఖాస్తు పెట్టింది, సీటు కూడా వచ్చింది. ఉత్తరం రెండో పేజీలో క్రెడిట్ల పట్టిక. అరవై రెండులో ముప్పై ఒకటి లెక్కలోకి తీసుకున్నారు. మిగతా వాటి ఎదురుగా వరసగా 'వర్తించదు', 'వర్తించదు'. కింద ఒక వాక్యం: రెండో సంవత్సరంలో ప్రవేశం, పూర్తికి మూడేళ్ళు.

2019కి మూడేళ్ళు కలిపితే 2022. కరీం సర్వీసు 2021 జూన్. వేళ్ళ మీద తేలిపోయే లెక్క. ఏడాదిన్నర క్రితం ఆ పిల్ల గళ్ళు గీసి మరీ నాకు చూపించిన లెక్క. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఏంది సార్ ఇది?" అన్నాడు కరీం. "డిప్లొమా అయ్యింది కదా, రెండేండ్లే అనుకుంటిమి. మూడంటున్నరేంది?"

నిజం చెప్పడానికి నాకు దొరికిన రెండో అవకాశం అది. నోరు తెరిచాను. లోపలినుంచి వచ్చిన మాట మాత్రం వేరు.

"ఈ ఏడాదే రూల్స్ మార్చారండీ. ముందులా లేదు."

"రూల్స్ మార్చిండ్రా? మా పిల్ల నంబరు వచ్చినప్పుడే మారుస్తరు సార్ వీళ్ళు. మన నసీబ్ గట్లుంది." ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరేం చేస్తరు సార్. మీరు బాధపడకుండ్రి."

ఆయన నన్ను ఓదార్చాడు. నేను ఓదార్పించుకున్నాను. సమీనా ఉత్తరం వైపు చూడలేదు, నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. పిల్ల నమ్మిందనే అనుకున్నాను, లేదా అలా అనుకోవడం నాకు వీలుగా ఉంది.

యూనివర్సిటీ సొంత స్పాన్సర్‌షిప్ మీద వీసా దొరుకుతుందేమోనని అడిగి చూశాం, దొరకలేదు. చదువు మధ్యలో ఇండియా తీసుకెళితే అక్కడి కాలేజీలు మళ్ళీ మొదటి సంవత్సరం నుంచే అన్నాయి. నేను అంతగా నమ్ముకున్న లాటరల్ ఎంట్రీకి ఈ దేశపు డిప్లొమా చెల్లదట. చివరికి లెక్కల డిగ్రీ ఒకటి దొరికింది. దానికైతే క్రెడిట్లు దాదాపు అన్నీ తీసుకుంటారు, రెండేళ్ళలో అయిపోతుంది. ఆ దారి చూపించింది కూడా నేనే. కరీం దానికి కూడా నాకు దండం పెట్టాడు. ఆ రోజు తెచ్చిన పాలు ఫ్రిజ్‌లో పెట్టి ముట్టుకోలేదు. నాలుగోనాడు విరిగిపోతే మా ఆవిడ సింకులో పారబోస్తూ, "ఏమైందండీ మీకు?" అంది. పడటం లేదన్నాను.

2021 జూన్‌లో కరీం రిటైరై వెళ్ళిపోతూ చెప్పిపోవడానికి వచ్చాడు. అప్పటికి సమీనా డిగ్రీ పాసై ఒక ఇండియన్ స్కూల్లో లెక్కల టీచర్‌గా కుదురుకుంది. వీసా స్కూలుది. వాళ్ళ ఖాలా, అంటే పిన్ని, కుటుంబం ఇక్కడే ఉండటంతో వాళ్ళింట్లో ఉంటుంది. కరీం తలుపు దగ్గరే నిలబడ్డాడు, ఇద్దరికీ మాస్కులు.

"బిడ్డ టీచర్ అయ్యిందంటే మీ దయ సార్. మా ఊర్ల అందరికీ చెప్పిన, దోహాల మనకొక పెద్దసార్ ఉన్నడు, తమ్మునోలె చూస్కున్నడని."

మాస్కు నా ముఖంలో సగాన్ని కప్పింది. మిగతా సగాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఇంకో పది నిమిషాల్లో ఆయన వెళ్ళిపోతాడు, ఇక ఎప్పుడూ ఎదురుపడడు అన్న ఆలోచన వచ్చింది, వచ్చినందుకు ఊపిరి తేలికపడింది కూడా. ఈ కథ మొత్తంలో ఎక్కువ సిగ్గుపడవలసింది ఆ తేలిక గురించేనని నాకనిపిస్తుంది.

మూడేళ్ళు గడిచాయి. 2024 అక్టోబరులో ఒక మధ్యాహ్నం సమీనా ఒంటరిగా వచ్చింది. స్కూల్ ఐడీ మెడలోనే ఉంది. కుర్చీ చూపించేదాకా కూర్చోలేదు.

"నేనూ అజీజియాలనే ఉంటున్న సార్, మీ ఇంటికి రెండు సందుల అవతల. సూపర్ మార్కెట్‌ల మిమ్మల్ని రెండుసార్లు చూసిన. పక్కకు తప్పుకున్న."

"ఎలా ఉన్నావమ్మా?" అన్నాను.

"మంచిగున్న. మల్ల ఇంజనీరింగ్‌కు అప్లై చేస్తున్న సార్. సాయంత్రం క్లాసులు. ఇప్పుడు వీసా నాదే కదా, ఎన్నేండ్లు పట్టినా ఫికర్ లేదు. కని వాళ్ళొకటి అడుగుతున్నరు. 2018ల సీటు ఇస్తే ఎందుకు వద్దన్నవ్ అని. అడ్వైజింగ్ రికార్డ్ కాపీ తెమ్మన్నరు."

ఫైలు తెరిచి ప్రింట్ తీశాను. ప్రింటర్‌లోంచి కాగితం వస్తుంటేనే అందులో ఏముందో గుర్తొచ్చింది. చేతికిచ్చేశాను. సమీనా చదివి, కాగితాన్ని నా వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది.

"రెండో లైన్ చదువుండ్రి సార్."

చదివాను, పైకే.

"నేను ఒప్పుకోలే సార్. అబ్బా ఒప్పుకున్నడు. నేను హిబా మేడమ్‌ను అడుగుదామన్న. మీ ఎదురుంగనే అన్న. ఇది చదివితే నాకే ఇంజనీరింగ్ వద్దనిపించినట్టుంది."

"అది నా తప్పేనమ్మా," అన్నాను. "సలహా కూడా తప్పే. ఆ తర్వాత రూల్స్ మారాయని చెప్పింది కూడా..."

"మారలేదని నాకు అప్పుడే తెలుసు సార్. ఆ రోజు మీ రూంలకెళ్ళి బయటికొచ్చినంక, అబ్బా నమాజుకు పోయిండు. నేను హిబా మేడమ్ దగ్గరికి పొయ్యి అడిగిన. మేడమ్ అన్నది, ఎప్పటినుంచో ఇదే రూల్ అని."

"మరి అప్పుడే నన్నెందుకు నిలదీయలేదమ్మా?"

"అబ్బా ముందటనా?" అంది. అంతే అంది.

ఆ మాట నన్ను కొట్టినట్టు ఇంకే మాటా కొట్టి ఉండదు. ఇరవై ఏళ్ళ పిల్ల, తన చదువు పోయిందని తెలిసిన గంటలోనే నా అబద్ధం కూడా తెలుసుకుని, తండ్రి ముందు నా పరువు కాపాడింది. యాభై ఏళ్ళు పైబడిన నేను అదే తండ్రి ముందు నా పరువు కాపాడుకోవడానికి ఆ పిల్ల చదువు తీసేశాను.

"కరీం గారికి ఇవాళే ఫోన్ చేసి అంతా చెప్పేస్తానమ్మా," అన్నాను. చెప్పేస్తే ఈ బరువు దిగుతుందని ఆశ పుట్టింది.

సమీనా తల అడ్డంగా ఊపింది. "వద్దు సార్. చెప్తే మీరు హల్కా అయితరు. ఆయనేమైతడు? నన్ను చుప్ అన్నది ఎవరు? ఆయనకు అదే గుర్తొస్తది. ఈ వయసుల ఆయన మీద అది ఎయ్యకుండ్రి."

నిజమే. నేను దించుకోవాలనుకున్న బరువు తిన్నగా పోయి ఆయన నెత్తిన పడేది. అది కూడా ఆ పిల్లే చెప్పాల్సి వచ్చింది.

"నాకు కావలసింది ఇదొక్కటే. ఈ లైన్ సరిచేసి ఇయ్యుండ్రి."

మా సిస్టంలో ఒకసారి రాసిన నోట్‌ని చెరపడానికి వీల్లేదు. కింద తేదీ వేసి కొత్త వాక్యం చేర్చవచ్చు, దాన్ని అడెండం అంటారు. టైప్ చేశాను: పై నోట్ సరికాదు. విద్యార్థిని అంగీకరించలేదు. ఇంజనీరింగ్ అడ్వైజర్‌ని సంప్రదించాలని కోరింది. నేను సంప్రదించలేదు. ఇచ్చిన సలహా తప్పు. కింద నా పేరు, హోదా. తప్పు అన్న మాట దగ్గర, 'పొరపాటు' అని మారిస్తే బాగుంటుందేమోనని వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. అప్పుడు కూడా! సమీనా స్క్రీన్ వైపే చూస్తోంది. మార్చలేదు.

కాగితం తీసుకుని రెండుసార్లు చదువుకుంది. థాంక్స్ చెప్పలేదు. "వస్త సార్" అని వెళ్ళిపోయింది. జనవరిలో సీటు వచ్చిందని హిబా చెప్పింది, నాకు కాదు, గదిలో అందరికీ చెబుతుంటే నేనూ విన్నాను.

ఈ కేసు నాకు నేర్పింది పెద్ద విద్యేమీ కాదు. "నాకు తెలియదు, అడిగి చెబుతాను" అన్న మాట. అడ్వైజర్ పనిలో చేరిన మొదటిరోజే నేర్చుకోవలసింది, ఒక పిల్ల ఇంజనీరింగ్ ఖర్చు పెట్టి నేర్చుకున్నాను. మనోళ్ళని వెతుక్కుంటూ నిజామాబాద్ నుంచో, నెల్లూరు నుంచో ఎవరైనా నా గదికి వస్తే, ఇప్పుడు ముందు పిల్లల్నే అడుగుతాను. వాళ్ళు చెప్పిన మాటని వాళ్ళ మాటల్లోనే నోట్‌లో రాస్తాను. తండ్రి ఒప్పుకుంటే తండ్రి ఒప్పుకున్నాడని రాస్తాను. ఇంజనీరింగ్ అయితే లేచి హిబా గదికి తీసుకెళతాను. "మీరు చెప్తే చాలు సార్" అని ఎవరైనా అంటే నాకు భయమేస్తుంది.

కరీం ఇప్పటికీ శుక్రవారం నమాజ్ అయ్యాక నెలకొకసారి ఫోన్ చేస్తాడు. బిడ్డ మళ్ళీ ఇంజనీరింగ్‌లో చేరిందని చెప్పి పోయిన నెల మురిసిపోయాడు. "ఇప్పుడు రూల్స్ మంచిగ మార్చినట్టున్నరు సార్" అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"షుగర్ ఎట్లుంది సార్? మా ఊరోడు షహానియాల ఇంక ఉన్నడు. పాలు పంపియ్యమంటరా?"

"వద్దు కరీం గారూ, బాగానే ఉంది" అన్నాను. చెప్పడానికి నాకు అంతవరకే అనుమతి ఉంది.